ప్లాస్మానిక్ అదృశ్య కవచాలు

తన మీద పడిన విద్యుదయస్కాంత తరంగాన్ని వస్తువు చెదరగొట్టకుండా చేసి, అక్కడ ఏమీ లేనట్టే ఆ తరంగం ముందుకు సాగిపోయేలా చూసే పూతను ప్లాస్మానిక్ అదృశ్య కవచం అంటారు. ఈ పూతకు రెండు రకాల పదార్థాలు పనికొస్తాయి. మొదటివి వెండి, బంగారం వంటి లోహాలు. కాంతి పౌనఃపున్యాల దగ్గర వీటి పెర్మిటివిటీ, అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే సంఖ్య, రుణసంఖ్యలోకి దిగిపోతుంది. రెండోవి అదే గుణం వచ్చేలా మనిషి కూర్చిన కృత్రిమ పదార్థాలు, అంటే మెటామెటీరియల్స్. ఈ పద్ధతిని 2005లో ఆండ్రియా అలూ, నాదర్ ఎంఘెటా ప్రతిపాదించారు. అప్పటికి ఇద్దరూ అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. అదృశ్యం అనగానే వస్తువును దేనితోనో కప్పేయడమని అనిపిస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. వస్తువు చెదరగొట్టే తరంగానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పూతే పుట్టిస్తుంది, రెండూ కలిసి రద్దయిపోతాయి.

కనిపించడం అంటే ఏమిటి

కాంతి, రేడియో, రాడార్, మొబైల్ సిగ్నల్ అన్నీ ఒకే జాతి తరంగాలు. తరంగదైర్ఘ్యమే తేడా. తరంగం వస్తువును తాకినప్పుడు అందులోని ఎలక్ట్రాన్లు తరంగంతోపాటు ఊగుతాయి. ఊగే ఆవేశం మళ్ళీ తరంగాన్ని వెలువరిస్తుంది. ఇదే పరిక్షేపణం. వస్తువును మన కంటికీ రాడార్‌కీ పట్టించేది ఇలా చెదిరిన తరంగమే.

తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన కణాల లెక్కను 1871లో లార్డ్ రేలీ తేల్చాడు. చెదిరే శక్తి తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. అందుకే గాలి అణువులు ఎరుపు కన్నా నీలాన్ని సుమారు ఆరు రెట్లు ఎక్కువ చెదరగొడతాయి, ఆకాశం నీలంగా ఉంటుంది. అదే సూత్రంలో ఇంకో మాట కూడా ఉంది. చెదిరే శక్తి కణం వ్యాసార్ధపు ఆరో ఘాతంతో పెరుగుతుంది. వ్యాసార్ధం సగమైతే పరిక్షేపణం 64వ వంతుకు పడిపోతుంది. పరిమాణం విషయంలో ప్రకృతి ఇంత కఠినంగా ఉండడం వల్లనే అదృశ్య కవచాల కథ అంతా చిన్న వస్తువుల చుట్టూ తిరుగుతుంది.

ఏ పరిమాణపు గోళానికైనా పనికొచ్చే పూర్తి లెక్కను గుస్తావ్ మీ అనే శాస్త్రవేత్త 1908లో ఇచ్చాడు. నీటిలో తేలే బంగారు కణాలు ఎర్రగా ఎందుకు కనిపిస్తాయో వివరించడానికి ఆయన పూనుకున్నాడు. అప్పటికి యాభై ఏళ్ళ కిందట, 1857లో, ఫారడే ఆ ఎర్రటి ద్రావణాలను తయారుచేసి చూపించాడు. పరిక్షేపణ శాస్త్రంలో మనవాళ్ళ వాటా పెద్దది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ సముద్రపు నీలం నుంచి మొదలుపెట్టి, 1928లో తన పేరు నిలిచిన ప్రభావం దాకా నడిచిన దారి ఇదే. 1948లో బెంగళూరులో ఆయన నెలకొల్పిన పరిశోధనాలయం పేరు ఈ వ్యాసంలో మళ్ళీ వస్తుంది.

రద్దు చేసే లెక్క

గాజు గోళాన్ని విద్యుత్ క్షేత్రంలో పెడితే దానిలో ఒక ద్విధ్రువం, అంటే కాస్త ఎడంగా జరిగిన ధన, రుణ ఆవేశాల జంట, ఏర్పడుతుంది. అది క్షేత్రం దిశలోనే ఉంటుంది, ఎందుకంటే గాజు పెర్మిటివిటీ గాలి కన్నా ఎక్కువ. పెర్మిటివిటీ గాలి కన్నా తక్కువగా, అంటే సున్నాకూ ఒకటికీ మధ్య ఉన్న పదార్థాన్ని అక్కడే పెడితే ద్విధ్రువం ఎదురు దిశలో ఏర్పడుతుంది. మొదటి పదార్థం చుట్టూ రెండోదాన్ని పూతగా వేస్తే తక్కెడలో రెండు పళ్ళేలూ సమమైనట్టు రెండు ద్విధ్రువాలూ సరితూగుతాయి. బయట ఉన్నవారికి మొత్తం ద్విధ్రువం సున్నా. చిన్న వస్తువు పరిక్షేపణంలో దాదాపు అంతా ద్విధ్రువానిదే కాబట్టి వస్తువు మాయమైనట్టే.

ఈ సరితూకం ఎంత కచ్చితంగా కుదురుతుందో ఒక లెక్క చూద్దాం. గాలిలో ఉన్న గోళం పెర్మిటివిటీ 3, దాని వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు అనుకుందాం. పూత పెర్మిటివిటీ 0.5. తరంగదైర్ఘ్యం గోళం కన్నా బాగా పెద్దదైనప్పుడు, మొత్తం ఘనపరిమాణంలో లోపలి గోళం వాటా సరిగ్గా 40 శాతం ఉంటే ద్విధ్రువం పూర్తిగా రద్దవుతుంది. అంటే పూత వేశాక వ్యాసార్ధం సుమారు 13.6 మిల్లీమీటర్లు కావాలి, పూత మందం 3.6 మిల్లీమీటర్లు. పూత పెర్మిటివిటీని 0.2కు తగ్గిస్తే 1.3 మిల్లీమీటర్ల పూత చాలు. ఈ సమీకరణం వర్గ సమీకరణం కాబట్టి దానికి రెండో మూలం కూడా ఉంటుంది. అదే 40 శాతం వాటాకు పూత పెర్మిటివిటీ −3 అయినా ద్విధ్రువం రద్దవుతుంది. కాగితం మీద రెండు సమాధానాలూ సమానమే. చేతల్లో 0.5 చాలా మేలు. రుణ విలువల దగ్గర పూత అనునాదానికి లోనయ్యే ప్రమాదం ఉంది. అక్కడ పౌనఃపున్యం కాస్త జరిగినా, పదార్థంలో కాస్త శక్తి నష్టమైనా లెక్క తప్పుతుంది, దాచవలసిన వస్తువు మామూలు కన్నా ఎక్కువగా మెరుస్తుంది.

ఈ ఆలోచనకు 2005 కన్నా ముందు చరిత్ర ఉంది. 1975లో మిల్టన్ కెర్కర్ అనే శాస్త్రవేత్త 'అదృశ్య వస్తువులు' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక చిన్న పరిశోధన పత్రం ప్రచురించాడు. పూత వేసిన దీర్ఘవృత్తాకార కణాలు కొన్ని షరతుల కింద కాంతిని చెదరగొట్టవని అందులో చూపించాడు. ఆ షరతులకు సరిపడే పదార్థాలను కావలసిన పౌనఃపున్యానికి తగినట్టు తయారు చేసుకోవచ్చన్న ధైర్యం మెటామెటీరియల్స్ వచ్చాకే కలిగింది. ముప్పై ఏళ్ళు ఆ పత్రం పెద్దగా ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

ఒకటి కన్నా తక్కువ పెర్మిటివిటీ ఎక్కడ దొరుకుతుంది

మన నెత్తి మీదే దొరుకుతుంది. ఐనావరణం స్వేచ్ఛా ఎలక్ట్రాన్లతో నిండిన ప్లాస్మా. ప్రతి ప్లాస్మాకూ ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి ఒక సొంత పౌనఃపున్యం ఉంటుంది. ఘనమీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లుంటే అది సుమారు 9 మెగాహెర్ట్జ్. అంతకన్నా తక్కువ పౌనఃపున్యం గల తరంగానికి ప్లాస్మా పెర్మిటివిటీ రుణసంఖ్య అవుతుంది, తరంగం లోపలికి చొరలేక వెనక్కి తిరుగుతుంది. షార్ట్‌వేవ్ రేడియో ఖండాలు దాటేది ఇలాగే. అంతకన్నా ఎక్కువ పౌనఃపున్యానికి పెర్మిటివిటీ సున్నాకూ ఒకటికీ మధ్య ఉంటుంది. ఉదాహరణకు ప్లాస్మా పౌనఃపున్యం 7 మెగాహెర్ట్జ్ ఉన్న పొరలో 10 మెగాహెర్ట్జ్ తరంగానికి అది 0.51. పై లెక్కలో మనం కోరుకున్న పూత గుణం దాదాపు ఇదే. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. అది పై వాతావరణాన్ని చదివేది ఇలాంటి ఎలక్ట్రాన్ పొరల అస్తవ్యస్తత నుంచి చెదిరి వచ్చే తరంగాలతోనే.

లోహంలోనూ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే ఉంటాయి, కాకపోతే సాంద్రత అపారం. అందువల్ల దాని ప్లాస్మా పౌనఃపున్యం అతినీలలోహిత ప్రాంతానికి చేరుతుంది. 633 నానోమీటర్ల ఎరుపు లేజర్ కాంతికి బంగారం పెర్మిటివిటీ సుమారు −11. ఫైబర్ కేబుళ్ళలో వాడే 1550 నానోమీటర్ల పరారుణ కాంతికి అది −100 దాటిపోతుంది. అంత పెద్ద రుణ విలువ కవచానికి పనికిరాదు. అక్కడ లోహం అద్దంలా ప్రవర్తిస్తుంది. అందువల్ల ఒక్కో తరంగానికి ఒక్కో పదార్థాన్ని వెతుక్కోవాలి. కంటికి కనిపించే కాంతికి వెండి, బంగారం. సమీప పరారుణానికి ఇండియం టిన్ ఆక్సైడ్. 10 నుంచి 12 మైక్రాన్ల పరారుణానికి సిలికాన్ కార్బైడ్. టెరాహెర్ట్జ్ తరంగాలకు గ్రాఫీన్.

మైక్రోవేవ్‌లకు ప్రకృతిలో అలాంటి ఘనపదార్థం దొరకదు. దాన్ని తయారు చేయాలి. రెండు లోహపు పలకల మధ్య ఇరుక్కున్న తరంగం ప్లాస్మాలో ఉన్నట్టే ప్రవర్తిస్తుందని వాల్టర్ రోట్‌మన్ 1962లోనే చూపించాడు. పలకల మధ్య దూరాన్ని మార్చి, మధ్యలో వేరే పదార్థాన్ని నింపి పెర్మిటివిటీని మనకు కావలసిన చోటికి తెచ్చుకోవచ్చు. ప్రయోగాల్లో నెగ్గింది ఈ ఉపాయమే.

ప్రయోగాలు

2009లో ఎంఘెటా బృందం సమాంతర లోహపు పలకలతో కూర్చిన పూతను స్తంభాకార వస్తువు చుట్టూ పెట్టి, మైక్రోవేవ్‌ల దగ్గర పరిక్షేపణం తగ్గుతుందని మొదటిసారి కొలిచి చూపించింది. ఆ ప్రయోగం తరంగాలను కట్టడి చేసిన మూసిన మార్గంలో జరిగింది.

మూసిన మార్గం లేకుండా, ఖాళీ స్థలంలో స్వేచ్ఛగా సాగే తరంగాలతో అదే పని 2012లో జరిగింది. అప్పటికి అలూ టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌కు మారాడు. దాచిన వస్తువు 18 సెంటీమీటర్ల పొడవున్న డైఎలెక్ట్రిక్ (విద్యుత్తు పారని) స్తంభం. దాని చుట్టూ ఎక్కువ పెర్మిటివిటీ గల పదార్థాన్ని, మధ్య మధ్య లోహపు పట్టీలను అమర్చి గొట్టంలాంటి పూత కట్టారు. ఒక వైపు నుంచి మైక్రోవేవ్‌లు పంపి, స్తంభం చుట్టూ క్షేత్రాన్ని కొలిచారు. పూత లేనప్పుడు స్తంభం వెనక తరంగపు ముఖం విరిగిపోయింది. పూత తొడిగాక ఆ వంపులు సర్దుకుని తరంగం మళ్ళీ నేరుగా సాగింది. 3.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఫలితం అన్నిటికన్నా బాగా వచ్చింది. నిర్దిష్ట పరిమాణంతో, ఖాళీ స్థలంలో, మూడు కొలతలూ ఉన్న వస్తువును ఈ పద్ధతిలో దాచిన తొలి సందర్భం ఇది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించే ప్రయోగం ఇదే, ఎందుకంటే చుట్టూ ఎక్కడ కొలిచినా వస్తువు లేనట్టు కనిపించాలన్న అసలు పరీక్షకు ఇది నిలిచింది.

ఇంతకన్నా ముందే, 2006లో, జాన్ పెండ్రీ, డేవిడ్ స్మిత్ వంటి శాస్త్రవేత్తలు మరో మార్గం చూపారు. తరంగాన్ని వస్తువు చుట్టూ వంపు తిప్పి అవతలి వైపు మళ్ళీ కలిపే కవచం అది. అదే ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక రాగి స్తంభాన్ని 8.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ పద్ధతిలో దాచారు. రెండింటికీ ఒక మౌలిక భేదం ఉంది. వంపు తిప్పే కవచంలో తరంగం లోపలికి అసలు వెళ్ళదు, కాబట్టి లోపల ఉన్నవారికి బయట ఏమీ కనిపించదు. ప్లాస్మానిక్ కవచంలో తరంగం వస్తువు దాకా వెళ్తుంది, చెదిరిన భాగం మాత్రమే రద్దవుతుంది.

ఈ భేదం నుంచి పుట్టిందే ఈ విషయంలోకెల్లా అందమైన ఉపయోగం. ఏ సెన్సర్ అయినా తాను కొలిచే క్షేత్రాన్ని కొంత చెడగొడుతుంది. అది క్షేత్రాన్ని అందుకోవాలి, అందుకోవాలంటే కొంత చెదరగొట్టక తప్పదు. అయితే చెదిరే భాగాన్ని మాత్రం ప్లాస్మానిక్ పూతతో దాదాపు రద్దు చేయవచ్చని, సెన్సర్ తన పని తాను చేసుకుంటూనే అదృశ్యంగా ఉండవచ్చని అలూ, ఎంఘెటా 2009లో లెక్కగట్టారు. 2012లో స్టాన్‌ఫర్డ్, పెన్సిల్వేనియా బృందాలు బంగారు పూత వేసిన సిలికాన్ నానోతీగతో కాంతిని గ్రహించే సెన్సర్‌ను చేసి, అది చెదరగొట్టే కాంతి బాగా తగ్గిందని, అయినా కాంతిని గ్రహిస్తూనే ఉందని చూపించాయి. 2013లో వేరొక బృందం సిలికా గోళం చుట్టూ వెండి నానోకణాలు వాటంతటవే చేరి పూత కట్టేలా చేసి, కంటికి కనిపించే కాంతిలో ఈ కవచాన్ని తయారుచేసింది.

ఎక్కడ ఆగిపోతుంది

ప్లాస్మానిక్ కవచం మనిషినో విమానాన్నో పగటి వెలుగులో మాయం చేయలేదు. కారణాలు భౌతిక నియమాల్లోనే ఉన్నాయి. వస్తువు తరంగదైర్ఘ్యంతో సమానమయ్యేసరికి ద్విధ్రువంతోపాటు చతుర్ధ్రువం వంటి మరెన్నో అంశాలు లేస్తాయి. ఒక్కోదాన్ని రద్దు చేయడానికి ఒక్కో పొర చేర్చాలి. వస్తువు పెద్దదయ్యేకొద్దీ పొరల సంఖ్య పెరిగి, పొరల్లోని శక్తి నష్టాలే పరిక్షేపణం కన్నా ఎక్కువవుతాయి.

రెండో హద్దు ఇంకా కఠినమైనది. 2013లో ఫ్రాన్సెస్కో మొంటికోన్, అలూ ఒక ప్రశ్న వేసి సమాధానం రాబట్టారు. కవచం వేసిన వస్తువు నిజంగా తక్కువ చెదరగొడుతుందా? ఒక పౌనఃపున్యం దగ్గర తక్కువే. కానీ బయటి నుంచి శక్తి అందని, అయస్కాంత గుణం లేని కవచం విషయంలో అన్ని తరంగదైర్ఘ్యాలనూ కలిపి లెక్కిస్తే, కవచం వేసిన వస్తువు వేయని దానికన్నా ఎక్కువే చెదరగొడుతుంది. ఒక చోట తగ్గినది మరో చోట పెరిగి తీరుతుంది. కారణం తరవాతే కార్యం జరగాలన్న నియమం నుంచే ఈ ఫలితం వస్తుంది, దీన్ని తప్పించుకోవడం కుదరదు. బయటి నుంచి శక్తి అందించే సక్రియ కవచాలపై పరిశోధన ఈ హద్దును దాటడానికే జరుగుతోంది.

అందువల్ల రాడార్‌ను తప్పించుకోవడానికి సైన్యాలు వాడే స్టెల్త్ విధానాలతో దీన్ని కలపకూడదు. స్టెల్త్‌లో ఒకటి ఆకారం. ముఖాలను వంచి తరంగాన్ని రాడార్ వైపు కాకుండా పక్కకు పంపుతారు. రెండోది శోషణ. పూత తరంగాన్ని మింగి వేడిగా మార్చేస్తుంది. 2024 నవంబరులో ఐఐటీ కాన్పూర్ 'అనాలక్ష్య' పేరుతో విడుదల చేసిన వస్త్రం ఈ రెండో కోవది. అది మెటామెటీరియల్‌తో నేసిన మైక్రోవేవ్ శోషకం, విస్తృత పౌనఃపున్యాల మీద పనిచేస్తుంది. దాని వెనక ఉన్న శాస్త్రవేత్తల్లో ఎస్. అనంత రామకృష్ణ ఒకరు. ఆయన పీహెచ్‌డీ చేసింది పైన చెప్పిన రామన్ పరిశోధనాలయంలో. ఆ తరవాత పెండ్రీతో కలిసి పనిచేశారు, 2016లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. శోషకం మంచి రక్షణే. అయినా అది నీడను వదులుతుంది. వస్తువు వెనక మరో రిసీవర్ పెడితే ఆ నీడ పట్టిస్తుంది. పరిక్షేపణాన్ని రద్దు చేసే కవచం నీడను కూడా చెరిపేస్తుంది, కాకపోతే చిన్న వస్తువుకు, ఇరుకైన పౌనఃపున్య పట్టీలో మాత్రమే.

మన దేశంలో ప్లాస్మానిక్స్, అంటే లోహంలోని ఎలక్ట్రాన్ల ఊగిసలాటను వాడుకునే శాస్త్రం, ఇతర దారుల్లోనూ బలంగా ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లో పనిచేసిన ఆచంట వేణుగోపాల్, పూణే ఐసర్‌లో జి.వి. పవన్ కుమార్, బెంగళూరు ఐఐఎస్‌సీలో అంబరీష్ ఘోష్ ఈ రంగంలో పేరున్నవారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాల్ రావు బృందం లేజర్‌తో వెండి, బంగారు నానోనిర్మాణాలను తయారుచేసి, వాటి మీద పడిన అతి స్వల్ప మోతాదు పేలుడు పదార్థాన్ని రామన్ పరిక్షేపణంతో గుర్తిస్తుంది. లోహపు ఉపరితలం మీద ఎలక్ట్రాన్ల ఊగిసలాట కవచంలో పరిక్షేపణాన్ని రద్దు చేస్తే, ఇక్కడ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది.

హోసూరు, కృష్ణగిరి దగ్గర ఈ కవచాల పని

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలోని హోసూరు నుంచి బెంగళూరు ప్రయోగశాలలు సుమారు 40 కిలోమీటర్లు. ఆ జిల్లా పొలిమేర దాటితే కర్ణాటకలోని కోలార్ జిల్లా. 2001లో మూతపడేదాకా అక్కడి గనులు దేశానికి బంగారం తవ్వి ఇచ్చాయి. హోసూరులోనే టైటాన్ గడియారాలు, ఆభరణాలు తయారవుతాయి. బెళగొండపల్లి దగ్గర తనేజా ఏరోస్పేస్ విమానాల పని చేస్తుంది. జిల్లాలో టాటా ఎలక్ట్రానిక్స్ మొబైల్ ఫోన్ల భాగాలు చేస్తుంది. తెలుగు కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్న ఈ నేలలో లోహం, యాంటెన్నా, మైక్రాన్ మందం వంటి మాటలు ఫ్యాక్టరీకి వెళ్ళే యువత నోట రోజూ వినిపించేవే.

ఈ ప్రాంతంలో కవచం అవసరం కంటి ముందే నిలబడి ఉంది. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా 44వ నంబరు జాతీయ రహదారి పక్కన సెల్ టవర్లు చూడండి. ఒకే టవర్ మీద వేర్వేరు పౌనఃపున్యాల యాంటెన్నాలు పక్కపక్కనే బిగించి ఉంటాయి. ఒక యాంటెన్నా లోహం పక్కదాని తరంగాన్ని చెదరగొట్టి, అది సిగ్నల్ పంపే దిశను వంకర చేస్తుంది. వాటిని దూరంగా జరపడానికి టవర్ మీద చోటు చాలదు. ఇక్కడ కావలసింది సరిగ్గా ఒక చిన్న వస్తువును, ఒకే పట్టీలో, పక్కింటి పౌనఃపున్యానికి మాత్రం కనిపించకుండా చేయడం. విమానాన్ని దాచాలనుకున్నవారికి అడ్డం వచ్చిన ఇరుకు పట్టీ ఇక్కడ లోపమే కాదు. యాంటెన్నా తన సొంత పౌనఃపున్యంలో పనిచేస్తూనే ఉండాలి కాబట్టి కవచం ఇరుకుగా ఉండడమే మంచిది.

దీనికి మందపాటి పూత కూడా అక్కరలేదని 2009లో అలూ చూపించాడు. పూతంతా ఒక పలుచని రాగి వల కావచ్చు. వల ఆకారాన్ని సరిగ్గా ఎంచితే దాని మీద పారే విద్యుత్తే ఎదురు తరంగాన్ని పుట్టిస్తుంది. దీన్ని మాంటిల్ కవచం అంటారు. 2013లో ఆస్టిన్ బృందం 100 మైక్రాన్ల పాలికార్బొనేట్ పొర మీద 66 మైక్రాన్ల రాగి టేపును వలలా అతికించి, ఆ పొరను 18 సెంటీమీటర్ల కడ్డీకి చుట్టింది. మొత్తం మందం 166 మైక్రాన్లు. కడ్డీ 3.6 గిగాహెర్ట్జ్ దగ్గర బాగా మాయమైంది. ఆ తరవాత ఇదే రకం వలను డైపోల్ యాంటెన్నాలకు తొడిగి, ఒకదానికి మరొకటి అడ్డు తగలడం తగ్గుతుందని ఇటలీ, అమెరికా పరిశోధకులు చూపించారు. పలుచని పొర మీద రాగి గీతలు వేయడం ఫ్లెక్సిబుల్ సర్క్యూట్ బోర్డుల తయారీలో రోజూ జరిగే పనే. మన దేశంలో 2022 వేలంలో 5జీకి అమ్మిన మధ్య పట్టీ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. ఆస్టిన్‌లో కడ్డీ మాయమైన 3.6 గిగాహెర్ట్జ్ ఆ పట్టీ లోపలే ఉంది.